మిల్లు కాలిన రోజు

నాన్నా, నేను కులాసా. నా చరిత్ర వ్యాసమే ముందుకు కదలడం లేదు. మిల్లు కాలినప్పుడు ఎవరూ చనిపోలేదని లైబ్రరీలో మూడు పుస్తకాలు ఘంటాపథంగా చెబుతున్నాయి. మరి నాయనమ్మ వాళ్ల అన్నయ్య ఆ మంటల్లోనే పోయాడంటుంది కదా! నా బుర్ర తిరిగిపోయింది. లైబ్రేరియన్‌గారు చివరి పేజీల్లో ఆధారాల జాబితా తిప్పి చూసి, "మూడూ మిల్లు యజమాని రిపోర్టు చూసి రాసినవేనమ్మా. ఇంతకీ మీ నాయనమ్మ కళ్లారా చూసిందా, ఎవరైనా చెబితే విన్నదా?" అన్నారు. అందుకే వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు అడిగి, ఆవిడ మాటల్లోనే రాసి పంపండి. మధ్యలో మీరు అందించకండి. ఏడిస్తే మాత్రం ఆపేయండి. తమ్ముడి దగ్గు తగ్గిందా? నా గొడుగు అక్కడే ఉందా? అమ్మకు, నాయనమ్మకు నమస్కారాలు. అన్నట్టు, అన్నిటికంటే ముందు నాయనమ్మ అన్నయ్య పేరు రాయండి. పుస్తకాల్లో లేకపోతే పోనీ, ఇన్నేళ్లొచ్చినా నాకూ తెలియదు.

మీ పెద్దమ్మాయి