ప్రతిభ ఏ కంపెనీ కెమెరా కొనాలన్న సంగతి

కృష్ణగిరి జిల్లా, హోసూరు తాలూకా, బేరిగై గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు వెంకటరామప్ప గారి పెద్ద కొడుకు, హోసూరు బస్టాండు వెనక ఫోటో స్టూడియో పెట్టుకున్న సుబ్బరాయప్ప అనే నేను, అరవై ఏడో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకుంటున్న వీలునామా ఇది. కుడి కంట్లో శుక్లం వచ్చింది, చేతులు వణుకుతున్నాయి. బుద్ధి మాత్రం సరిగానే ఉందని డాక్టరు రాసిచ్చాడు. నా భార్య దానికి ఒప్పుకోలేదు గానీ, ఆమె ఒప్పుకోలు ఇక్కడ అవసరం లేదని దస్తావేజులు రాసే రాజప్ప చెప్పాడు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్క వీధి స్టూడియో శ్రీరంగప్పకు అప్పగిస్తున్నాను.

1. బేరిగైలోని ఇల్లు, దాని వెనక ఎకరన్నర మెట్టభూమి నా భార్య అంజనమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె తర్వాత మిగిలింది మా ఒక్కగానొక్క కూతురు ప్రతిభకు.

2. నా మంచం కింది రేకు పెట్టె కూడా అంజనమ్మకే. అందులో నెగటివులున్నాయి. ఫిల్మ్ రోలు చివర ఒకటో రెండో ఫోటోలు మిగిలిపోతే, కడగడానికి పంపే తొందరలో ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్లను తీసేసేవాణ్ణి. కనిపించేది ఎప్పుడూ ఆమే. "ఈయన నన్ను చూసేదానికి పిలిచేది లేదు, రోలు ముగించేదానికి పిలుస్తాడు" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నిజమే. కానీ వాటిలో ఒక్క ముక్క కూడా పారెయ్యలేదు. బియ్యం చెరుగుతూ, తల ఆరబెట్టుకుంటూ, నా మీద కోపంగా, ముప్పై ఏళ్ల అంజనమ్మ ఆ పెట్టెలో ఉంది. ఆమె అంటే నాకు ప్రాణం. నోటితో ఎన్నడూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను. రాయడానికి రాజప్ప మొహమాటపడ్డాడు.

3. 1998లో ఒక్క వారానికని తీసుకెళ్లిన ట్రైపాడ్‌ను శ్రీరంగప్ప ఇక తిరిగి ఇవ్వనక్కరలేదు. దానికి ఒక కాలు పొట్టి. తొమ్మిదేళ్లుగా తన ఫోటోలన్నీ ఎందుకు ఒక పక్కకు ఒరుగుతున్నాయో అతనికి ఇప్పటికైనా తెలుస్తుంది.

4. స్టూడియో, లైట్లు, వెనక కట్టే తెరలు ప్రతిభకు. ఆరేళ్లుగా నడుపుతున్నది ఆమే, బోర్డు మీద పేరు మాత్రం నాది. నేను పోయిన మరునాడే బోర్డు మార్చుకోవచ్చు, సంవత్సరీకం దాకా ఆగనక్కరలేదు.

5. ఇక నా అయిదు లెన్సుల సంగతి. ఇది కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

కెమెరా బాడీ నాలుగేళ్లది, లెన్సు నలభై ఏళ్లది అని మా వృత్తిలో ఒక మాట ఉంది. అయితే ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ బాడీకి పట్టదు. కంపెనీ మారితే లెన్సులన్నీ వదులుకోవాలి. ప్రతిభ రెండేళ్లుగా డిజిటల్‌కు మారుదామని, అదీ వేరే కంపెనీకి పోదామని అడుగుతోంది. "నాయనా, అందరూ ఆడికే పోయినారు. తీసిన నిమిషానికి ఫోటో చూపిస్తా ఉండారు. మనం ఈడ కూచోని పాత లెన్సులు తుడుస్తా ఉండాం" అంది. ఆ కంపెనీది మన గడప తొక్కకూడదన్నాను. దాని పేరు ఈ కాగితంలో ఎత్తను. పన్నెండేళ్లు దాన్ని ఆడిపోసుకున్నాను, చాలు.

1995 మే నెలలో గురుబరపల్లిలో మంజులమ్మ అనే అమ్మాయి పెళ్లి. నా కెమెరా బెంగళూరులో రిపేరుకు ఉంది. నా తమ్ముడు వరదప్ప అప్పట్లో నాతోపాటే స్టూడియోలో పనిచేసేవాడు. కొత్తగా ఆ కంపెనీ కెమెరా కొనుక్కున్నాడు. అది తీసుకుని పెళ్లికి నేనే బయల్దేరాను. "అన్నా, దీని డయలు మనదాని మాదిరి తిరగదు, ఒకసారి చూసుకోని పో" అన్నాడు. నాకు నేర్పేవాడివయ్యావా అని నవ్వి వెళ్లిపోయాను.

ఫ్లాష్ వేసినప్పుడు షట్టరు వేగం ఒక హద్దు దాటకూడదు. దాటితే ఫోటోలో ఒక పక్క నల్లబడిపోతుంది. మా కెమెరాలో వేగం తగ్గించడానికి డయలును ఏ పక్కకు తిప్పుతామో, దానిలో అదే పక్కకు తిప్పితే వేగం పెరుగుతుంది. గట్టిమేళం మోగుతుండగా నా వేలు పాత అలవాటు ప్రకారం తిప్పింది. నేను చూసుకోలేదు. రోలు కడిగితే తాళి కట్టే చేతులు ఉన్నాయి, మంజులమ్మ ముఖం లేదు. అన్నిట్లోనూ అంతే. ఇంకోసారి కట్టినట్టు నిలబడితే తీస్తానన్నాను. "కట్టిన తాళి మళ్లా కట్టేదెట్లప్పా" అని ఆమె తల్లి ఏడ్చింది.

పెద్దమనుషులు నిలదీసినప్పుడు, "నాదేం లేదు, వీడు తెచ్చిన కెమెరానే పనికిమాలింది" అన్నాను. వరదప్ప పక్కనే ఉన్నాడు. ఒక నెగటివు అందుకుని, వెలుతురుకు పెట్టి చూసి, కింద పెట్టాడు. ఆ తర్వాత అతన్ని పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు లేకపోయారు. ఆరు నెలలకు కెమెరా అమ్మేసి కృష్ణగిరిలో మామిడికాయల మండీలో పనికి చేరాడు. ఫోటో తీయడంలో అతని చెయ్యి నా చెయ్యి కంటే మంచిది. తప్పు నాది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అంజనమ్మకు కూడా.

ఇప్పుడు ప్రతిభ నా కోసం మన పాత కంపెనీ కొత్త డిజిటల్ బాడీయే కొందామని నిశ్చయించుకుంది. పాత లెన్సులు దానికి పడతాయి గానీ వాటితో అది వెలుతురు కొలవదు. ప్రతి ఫోటోకూ ఊహించి తీయాలి. ముహూర్తాల హడావిడిలో అది అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు. "నాయన మనసు నొప్పించి కొనే కెమెరా నాకొద్దుమా" అని తల్లితో అంటుంటే పక్క గదిలో విన్నాను. నా అబద్ధాన్ని నా బిడ్డ మర్యాద అనుకుని మోస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాబట్టి అయిదు లెన్సులూ ప్రతిభకు ఇస్తున్నాను, అమ్ముకునే హక్కుతో సహా. ఆమె ఏ కంపెనీకైనా మారవచ్చు. ఆ కంపెనీ కెమెరాలో ఏ లోపమూ లేదు. లోపం నా వేలిలో ఉంది, అంతకంటే నా నోటిలో ఉంది. అమ్మా ప్రతిభా, కొనేముందు చేతిలో పట్టుకుని డయలు ఏ పక్కకు తిరుగుతుందో చూసుకో. ఎవరైనా చెప్తే విను. ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు మాత్రం బేరానికి లొంగి తక్కువకు ఇవ్వొద్దు.

6. మంజులమ్మ పెళ్లి నెగటివులు నా బీరువాలో ఉన్నాయి. అవి ఆమెకు చేర్చాలి. ప్రతిభ కొత్త కెమెరా ఏది కొన్నా, మొదటి ఫోటోలు గురుబరపల్లికి వెళ్లి ఆమెకూ, ఆమె భర్తకూ, పిల్లలకూ తీసి ఇవ్వాలి. ఆమె ముఖం మధ్యలో ఉండాలి.

7. నా తమ్ముడు వరదప్పకు ఇందులో ఏమీ రాయలేదు. మరచిపోయి కాదు. ఆస్తిలో ఏదైనా తీసుకునేవాడు సాక్షిగా సంతకం పెడితే రేపు చిక్కు వస్తుందని రాజప్ప అన్నాడు. నాకు అతని సంతకమే కావాలి. సాక్షి లోపలి విషయం చదవనక్కరలేదట. వరదప్ప మాత్రం అయిదో అంశాన్ని నా ఎదుట కూర్చుని చదివాకే సంతకం పెట్టాలి. నేను పోయాక ఇది బయటపడితే నాకు సుఖమే, ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. కానీ అప్పటికి ప్రతిభ ఆ బాడీ కొనేసి ఉంటుంది. వరదప్పకూ అరవై దాటాయి. అందుకని కృష్ణగిరికి కబురు పంపాను, వరదప్ప చదివాక అదే ప్రతిభకూ చదివిస్తాను. వస్తాడో రాడో తెలియదు. అతను రాకపోతే ఈ కాగితం మీద నేనూ సంతకం పెట్టను.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా, సరేనని ఒప్పుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

హోసూరు, 2007 ఆగస్టు 9, గురువారం.

(సం.) వె. సుబ్బరాయప్ప

సాక్షులు:

1. (సం.) రాజప్ప, దస్తావేజు లేఖరి, హోసూరు.

2. (సం.) వె. వరదప్ప, కృష్ణగిరి. అయిదోది చదివినాను. నెగటివు చూసిన పొద్దే నాకు తెలిసింది అన్నా. నువ్వే చెప్తావని ఇన్నేండ్లు చూస్తా ఉంటిని.