చదివి వినిపించాకే సంతకం

అల్ కుసైస్, దుబాయ్
12-6-1984

నా బిడ్డ వకీలైంది! సాయవ్వా, నీ ఉత్తరంలో 'పాసయ్యాను' అన్న ముక్క నాలుగుసార్లు పైకి చదివాను. ఇంజనీరు బండి నడిపే మా గది ఖాజా, "చాచా, ఇంకోపారి చదివితే పిల్ల ఫెయిలైతది, ఇగ బస్ చెయ్!" అన్నాడు.

నేనిక్కడ క్షేమం. నువ్వూ, మీ అమ్మా, మన బర్రే చల్లగా ఉన్నారనుకుంటాను. ఎండ తగులుతోందా అని అడిగావు. లేదు తల్లీ, ఇప్పుడు నాది సైటాఫీసులో చాయ్ పని.

నీ సంగతి చెబితే అమెరికా ఇంజనీరు కుర్చీలోంచి లేచి నా చేయి పట్టుకున్నాడు. ఆయన తాతకు తాత కూడా వకీలేనట. ఆయన ఇంగ్లీషులో చెబితే ఖాజా తెలుగులో చెప్పాడు. వాళ్ల దేశం అప్పుడు కొత్తదట, ఆ తాత ఓ రైతు కొడుకట. ఓ ముసలి వకీలు ఇల్లు ఊడ్చి, పొయ్యి రాజేసి, కాయితాలకు నకళ్లు రాసి చట్టం నేర్చాడట. గుర్రమెక్కి ఊరూరి కోర్టులకు పోయేవాడట. జనం శాసనసభకు పంపితే, చదివి వినిపించకుండా వేయించిన వేలిముద్ర చెల్లకూడదని లేచాడట. రెండేళ్లు సభంతా నవ్విందట. మూడో ఏడు చట్టమైందట.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది బిడ్డా. రెండేళ్ల కింద సెలవుకు ఎందుకు రాలేదని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. పని ఎక్కువని రాశాను. అబద్ధం. సెలవు కాయితమనుకొని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని చదివించుకోకుండానే సంతకం పెట్టాను. అది ఇంకో రెండేళ్లు ఉంటానన్న కాయితం. వకీలు చదివే పిల్లకు ఏ మొహంతో రాసేది?

నిన్న ముదీర్, అంటే మా మేనేజరు, మళ్లీ ఓ కాయితం ముందు పెట్టి, "యల్లా, సైన్ కరో" అన్నాడు. ఈసారి "పహలే పఢ్‌కే సునావో సాబ్" అన్నాను, ముందు చదివి వినిపించమని. ఖాజా తీసుకొని చదివి, "చాచా, ఇండ్ల మల్ల రెండేండ్లున్నయి!" అన్నాడు.

కలం కింద పెట్టాను. "మేరీ బేటీ వకీల్ హై. ఖలాస్!"

ముదీర్ నన్ను ఎగాదిగా చూసి కాయితం మడిచాడు. శ్రావణంలో గడువు తీరుతుంది. వస్తున్నాను.

ఇట్లు,
మురిసిపోతున్న నీ బాపు
రాజలింగం

ఈ కబురు చెప్పవలసిన వాళ్లు:
భోజన్న పెద్దబాపుకు. ఆడపిల్లకు వకీలు చదువెందుకన్నాడు, నల్లకోటు తొడుక్కొనే వెళ్లు.
కిష్టవ్వ మేనత్తకు. చెవులు వినపడవు, వాడంతా వినేట్టు అరిచి చెప్పు.
ధర్మపురిలో పర్శరాములు మామకు.
మీ అమ్మకు, నేను వస్తున్నానని. సంతకం సంగతి మాత్రం చెప్పకు. ఆమె ముందు కూర్చొని నేనే చెప్పుకుంటాను.