బేసిన్ ఎత్తకండి

ఏమండీ, వంటింటి బల్ల మీద బేసిన్ బోర్లించాను. దాన్ని ఎత్తకండి. కింద మామయ్యగారి పాత ట్రాక్టర్ డీజిల్ పంపు ముక్కలున్నాయి, విప్పిన వరసలోనే పేర్చాను. ఒక గొట్టంలోని ప్లంజర్ ఇంకో గొట్టంలో పెడితే వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది.

కిటికీలో గ్లాసు ఉంది కదా, అందులో కొత్త రబ్బరు రింగులు డీజిల్‌లో నానుతున్నాయి. పారబోసి గ్లాసు కడిగే పుణ్యం కట్టుకోకండి. మీ పని ఒక్కటే, ట్రాక్టర్ డీజిల్ ట్యాంకు అడుగున ఉన్న మడ్డి దించి పెట్టండి. డ్యూటీ నుంచి వచ్చాక పంపు నేనే బిగిస్తాను. రేపు దున్నకపోతే ఎల్లుండి వానకి పొలంలో అడుగు పెట్టలేం.

మూడు రోజులుగా దాని ముందే కూర్చుని నడుం పడిపోయింది. పంపు కారుతోందని రబ్బరు సీళ్లు మార్చడానికి విప్పాను గానీ, బండి ఆగి ఆగి నడవడానికి కారణం వేరే ఉంది. ఒక వాల్వులో నీలం ఉన్ని పోగు ఇరుక్కుంది. పోయినసారి మీరు పంపు దేనితో తుడిచారో ఇప్పుడు తెలిసింది.

మా అమ్మ అల్లిన శాలువా కోసం చలికాలమంతా ఇల్లు గాలించాను. మీరూ నాతోపాటు వెతికారు. మంచం కింద టార్చి వేసి మరీ చూశారు.

కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తినండి.

శాలువాలో ఎంత ముక్క మిగిలితే అంత నా దిండు మీద పెట్టండి. డీజిల్ వాసనొచ్చినా ఫర్వాలేదు.