చివరి పాటలో రెండు స్వరాలు

శనివారం రాత్రి, బిషాన్, సింగపూర్

నా ఆల్బమ్‌లో చివరి పాటకి ఈరోజు ప్రసాద్ శాక్సఫోన్ వాయించాడు. ఎదురుగా ఉంటే "ప్రసాద్ గారూ" అంటాను. డైరీలో మాత్రం వాడే.

ఆరేళ్ల క్రితం, నేను పాడే, వాడు వాయించే హోటల్లో మన తెలుగు మేనేజర్‌తో వాడన్న మాట తలుపు వెనక నిలబడి విన్నాను. "ఆ పిల్ల గొంతులో గుంటూరు ఇంకా పోలేదు లా. బ్లూస్ పాటలకి పనికిరాదు." మాట చివర సింగపూర్ వాళ్ల "లా" తగిలించి మరీ అన్నాడు. మర్నాటి నుంచి ఆ స్టేజీ మీద వేరే అమ్మాయి పాడింది.

ఈరోజు వాడి హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు మాటల్లేకుండా ఉత్త ట్యూన్ పాడింది.

"మాటలేవమ్మా?" అన్నాడు.

"ఇంకా కుదరలేదు ప్రసాద్ గారూ. మీరు వాయించేయండి."

కళ్లు మూసుకుని ప్రాణం పెట్టి వాయించాడు. వాడు వెళ్లాక, ఎప్పుడో రాసి ఉంచిన మాటలు దాని మీద పాడాను. తెలుగులో, గుంటూరు యాసలోనే. ఆ హోటలు, ఆ తలుపు, వాడన్న మాట, అన్నీ ఉన్నాయి. రిలీజ్ రోజు అందరి ముందూ నా పక్కన నిలబడి వాడే వాయించాలి.

ఒక్కటే గుచ్చుతోంది. చివరి చరణం తర్వాత వాడు మెల్లగా రెండు స్వరాలు వాయించాడు. నా మాటల పక్కన అవి తప్పయిందని చెబుతున్నట్టే వినిపించాయి. వాటిని తీసేయమని ఇంజనీర్ మీనాకి చెప్పాను.

"అవి లేకపోతే పాట ఖాళీగా ఉంటుందక్కా."

"ఉండనీ."

ఇందాకట్నుంచీ వింటున్నాను. నిజంగానే ఖాళీగా ఉంది. అయినా తిరిగి పెట్టను. తప్పయిందని అనాలనుంటే శాక్సఫోన్ కింద పెట్టి నోటితో అనాలి.