మోటారుకు నీ అనుమతి

బాపూ,

నువ్వు పోయాక పసుపు చేను అమ్మే చూస్తోంది. నీళ్ల మోటారును ఫోన్‌లోని యాప్‌తోనే వేస్తుంది, ఆపుతుంది. ఇవాళ నిజామాబాద్‌లో ఆమెకు కొత్త ఫోన్ కొన్నాం. నేను రసీదు సరిచూస్తుండగా, దుకాణమాయన అమ్మ వయసు అడిగి, ఫోన్‌ను వయసు మళ్లినవాళ్ల కోసం ఉండే పద్ధతికి మార్చాడు. తెరమీద భజనలు, మందులు గుర్తుచేసే గంట మాత్రమే మిగిలాయి. పాత ఫోన్‌లోంచి ఎక్కించిన మోటారు యాప్ మాయమైంది. అదేదని అమ్మ అడిగితే, అతనన్నాడు:

"మోటార్ నీకెందుకవ్వా? మగోళ్లు చూస్కుంటరు గద."

"అక్కడ చేన్ల నడుస్తనే ఉంది బిడ్డా! నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతది. జల్ది ఆపు!"

అతను కంగారుగా తెర మీద అటూ ఇటూ నొక్కాడు. యాప్ తెరవాలంటే ఇంటి పెద్ద ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలట. అమ్మ ఫోన్‌లో 'ఇంటాయన' అని ఉన్న నీ నంబరునే అతను ఇంటి పెద్దగా ఎక్కించాడు. అది ఆగిపోయి ఏడాదైంది.

అమ్మ సిమ్ తీయించి, పాత ఫోన్‌లో వేయించి, మోటారు ఆపింది.

"మీ బాపు ఉన్నప్పుడే మోటార్‌కు అడగలే. గిప్పుడడుగుతనా?" అంది నాతో.