పొదుపు మీట

ఇంటి ఇల్లాలికి,

ఆశీస్సులతోను, వాటికంటే ఎక్కువ బెంగతోను నీ భర్త వ్రాయునది. ఇచ్చట నేను క్షేమమే. అచ్చట నీ నడుము, అమ్మాయి, అల్లుడు, మనుమరాలు, ఈ వరుసలోనే క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీలలో మూడే మూడు చోట్ల పూర్ణవిరామం పెట్టావు. ఒక వాక్యం మనుమరాలి జలుబుతో మొదలై, నీకు వ్యాయామం చేయించే అమ్మాయి బొటనవేళ్ళ బలం మీదుగా సాగి, నా రక్తపోటు మాత్రల దగ్గర ఆగింది. దిద్దుదామని ఎర్ర పెన్సిలు తీశాను. చివరి పేజీలో కూడా నీ చేతివ్రాత వణకలేదని గమనించి మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. ఫోనులో మీరు నన్ను మాట్లాడనివ్వరు, ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు అన్నావు. నిజమే. ఈసారి ఆ సౌకర్యం నాకూ అవసరమైంది.

అడిగినవాటికి జవాబులు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. మెట్ల దగ్గరి తీగకు నీళ్ళు పోస్తున్నాను కాని, అది నా మీద అలిగినట్లుంది. నీవు వెళ్ళాక ఒక్క పువ్వూ పూయలేదు. పాలు పొంగిపోయినది ఒక్కసారే. (రెండుసార్లు. రెండవసారి సగమే పొంగాయి.)

ఇక అసలు ప్రశ్న. వచ్చే శుక్రవారం నిన్ను ఇంటికి తీసుకొనిరావడానికి కారు ఎవరు నడపాలి? మూడు నెలల పాటు నడుముకు కుదుపు తగలకూడదని, తగిలితే చేసిన శస్త్రచికిత్స వృథా అవుతుందని డాక్టరమ్మ హెచ్చరించినట్లు వ్రాశావు. వెంటనే, "మా తమ్ముణ్ణి నడపమనండి, మీరు పక్కన కూర్చోండి" అన్నావు. వెళ్ళేటప్పుడు కొండదారిలో కారు కుదిపింది వాడి తప్పు కాదని నా మాటగా చెప్పండి, వాడు ఫోను ఎత్తడం లేదు అని కూడా అన్నావు.

తమ్ముడు! ఎదురింట్లో ఉండే ఒక విశ్రాంత బస్సు డ్రైవరు నీకు ఏ వైపు నుంచి తమ్ముడయ్యాడో పన్నెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. మన నిచ్చెన అడిగి పట్టుకెళ్ళాడు. నిచ్చెన తిరిగి వచ్చేలోగా నీవు అక్కయ్యవైపోయావు. అతను ఏది చెప్పినా నీకు వేదవాక్కు. నేను చెప్పినది మాత్రం పాఠం.

మనసులో ఉన్నది దాచకుండా వ్రాస్తాను. ముప్పైతొమ్మిదేళ్ళ కాపురంలో నేను నడిపిన ఏ బండిలోనూ నీవు కన్ను మూయలేదు. స్కూటరు కాలంలో నా చొక్కా గట్టిగా పట్టుకొనేదానివి. గేర్లు మార్చే బాధ లేని ఆటోమేటిక్ కారు కొన్నాక తలుపు పిడి పట్టుకున్నావు. నిన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజున అతను నడుపుతూంటే ఊరు దాటకముందే నిద్రపోయావు. పది రోజులుగా నొప్పితో నిద్ర ఎరుగని మనిషివి; భర్తనైన నేను సంతోషించవలసింది. వెనక్కి తిరిగి, దిండ్ల మధ్య నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్న నీ ముఖం చూశాను. నా కడుపు భగ్గుమంది.

అందుకే నీకు ఆపరేషన్ అయిన వారం నుంచే ఒక పట్టుదలతో ఉన్నాను. కారు కుదుపులు పోగొట్టించి, నిన్ను నేనే తీసుకొనిరావాలి. షెడ్డుకు పట్టుకెళ్ళాను. ఆ షెడ్డు నడుపుతున్నది నా పాత విద్యార్థినే. ఎనిమిదవ తరగతిలో నోరు ఆగేది కాదని అందరూ "రేడియో" అనేవారు; ఇప్పటికీ ఆ ప్రసారం ఆగలేదు.

గేర్‌బాక్సులో నూనె మార్పించమని నీ తమ్ముడు ఏడాదిన్నర క్రితమే చెప్పిన సంగతి నీకు తెలుసు. "సాధారణ వినియోగంలో మార్చనవసరం లేదు" అన్న వాక్యం కింద ఎర్రగీత గీసి, కారుతో వచ్చిన పుస్తకాన్ని అతని ముఖం ముందు తెరిచి పెట్టిన సంగతీ తెలుసు. అచ్చులో ఉన్నదాన్ని ఎనిమిదో తరగతి దాటని మనిషి కాదంటాడా అని నా ధీమా. అదే పేజీ రేడియోకు చూపించాను.

"బజారులో ఆగి ఆగి కదలడం, నెలకోసారి కొండెక్కడం మీకు సాధారణమేమో మాస్టారూ, గేర్‌బాక్సుకు కాదు. ఈ పుస్తకం రాసినాయన మన కొండ చూశాడా ఏంటి?" అంది.

కింద బిరడా విప్పితే నూనె కషాయంలా నల్లగా, మాడు వాసనతో దిగింది. రావలసిన రంగు ఎరుపు. ఆ నూనె గేర్లకు తడి మాత్రమే కాదట. లోపలి పలకలను ఒకదానితో ఒకటి పట్టించేదీ, మెత్తగా విడిపించేదీ అదేనట. అది పాడైతే పట్టు జారుతుంది, జారి జారి చటుక్కున పట్టుకుంటుంది. మనకు కుదుపుగా తెలిసేది అదే. బిరడా విప్పితే సగం కూడా బయటకు రాదని, మిగతాది లోపలి సందుల్లో ఉండిపోతుందని చెప్పి, కొంత తిరిగాక రెండవసారి మార్చింది. యంత్రం వెచ్చబడ్డాక మట్టం చూసింది. కొత్త నూనె అరిగిన పలకలను బాగుచేయలేదని, మనవి అదృష్టవశాత్తూ అరగలేదని అంది. ప్రయోగశాలలో కూర్చున్న విద్యార్థిలా విన్నాను.

అయినా కొండ మొదట్లో కారు సన్నగా వణికింది. రేడియో నా పక్కనే ఉంది. స్టీరింగు పక్కనున్న మీట నొక్కింది. ఎదుట వెలుగుతున్న చిన్న ఆకుపచ్చ ఆకు ఆరిపోయింది. అది పెట్రోలు పొదుపు మీట. కారు కొన్న రోజు నుంచి నేను దానిని ఆర్పి ఎరుగను. పొదుపును మించిన సుగుణం లేదని నలభై ఏళ్ళు బోధించిన నోరు కదా. ఆ ఆకు వెలిగితే కారు తొందరపడి పై గేరు వేసుకుంటుందట, ఇంజనుకు ఊపిరి అందకపోయినా కింది గేరుకు దిగనంటుందట. మా పాత హెడ్మాస్టరు చాక్‌పీసు సగానికి విరిచి ఇచ్చేవాడు, జ్ఞాపకముందా? అదే బాపతు. చదును రోడ్డు మీద ఫరవాలేదు. ఎత్తు మీద మనం విసిగి కాలితో గట్టిగా తొక్కుతాము, అప్పుడది ఒక్కసారిగా రెండు గేర్లు కిందికి దూకుతుంది. పాత నూనెతో అయితే ఆ దూకుడు నడుముకే తగులుతుంది.

ఆకు ఆరిపోయాక కారు కొండ ఎక్కిన తీరు వర్ణించను. నేనే నడిపాను. ఒక్క కుదుపు లేదు. నిన్ను నేనే తేగలనని నాకు రుజువైన క్షణమది. అప్పుడే రేడియో అడిగింది: "అమ్మగారిని తీసుకెళ్ళిన రోజు ఈ ఆకు వెలుగుతోందా మాస్టారూ?"

గుర్తులేదన్నాను. అబద్ధం. ఆరు వారాలుగా నీకు చెప్పకుండా దాచినది ఇదే. ఫోనులో చెప్పి, అవతల నీ మౌనం వినే ధైర్యం నాకు లేదు.

ఆ రోజు బయలుదేరగానే నీ తమ్ముడు మొదట చేసిన పని ఆ మీట నొక్కి ఆకు ఆర్పడం. నేను చూశాను. అంత హాయిగా నీవు నిద్రపోవడానికి అతని నేర్పుతో పాటు అది కూడా కారణమని అప్పుడే ఊహించాను. కొండ మొదట్లో టీ దుకాణం దగ్గర ఆగాము. నీ రబ్బరు సంచికి వేడినీళ్ళు పట్టించుకొని వస్తానని అతను దిగాడు. నీవు నిద్రలో ఉన్నావు. నేను చెయ్యి చాచి మీట నొక్కాను. ఆకు వెలిగింది. ఒక్క కుదుపు, ఒకే ఒక్కటి, అతని చేతిలో కూడా కారు కుదుపుతుందని నీకు తెలిస్తే చాలుననుకున్నాను.

అతనికి దగ్గరి చూపు తక్కువ. చదువు కళ్ళజోడు జేబులో ఉంటుంది, చూపు రోడ్డు మీద ఉంటుంది. ఆకు కనబడలేదు. తాను ఆర్పానన్న నమ్మకంతో కొండ ఎక్కించాడు. నీవు మూడుసార్లు "అమ్మా" అన్నావు. మూడవసారి నీ గొంతు పిల్లల గొంతులా ఉంది. మీట నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. నొక్కితే నా దొంగతనం బయటపడుతుంది. నొక్కలేదు. ఆసుపత్రి దాకా నొక్కలేదు.

కొండ అవతలి వైపు దిగుతూ అతను, "మాస్టారూ, నా కాలు బరువెక్కినట్టుంది, ఇలా ఎప్పుడూ లేదు" అన్నాడు. "వయసు అందరికీ వస్తుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

అతను మన కారులో తిరిగి రాకుండా బస్సులో వచ్చేశాడు. వారానికి రెండు రోజులు కిడ్నీ ఆసుపత్రి వ్యాను నడిపేవాడు కదా, ఆ తాళాలు ఇచ్చేశాడని తరువాత తెలిసింది. నీ ఫోను ఎత్తకపోవడానికీ కారణం అదే. నీ కేకలు తన కాలివల్లనే అనుకున్నాడు.

నిన్న సాయంత్రం వెళ్ళాను. వరండాలో కుర్చీకి వైరు అల్లుతున్నాడు. నిలబడే చెప్పాను. అతను అల్లిక ఆపలేదు.

"మీరే నొక్కారా?"

"నేనే."

"కాలు బరువెక్కిందని నేనన్నప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"డయాలసిస్ వాళ్ళను కుదిపేస్తానేమోనని తాళాలిచ్చేసి వచ్చాను మాస్టారూ. ఇంకొకణ్ణి పెట్టేసుకున్నారు."

క్షమించమని అడగడానికి ఒక వాక్యం కూర్చుకొని వెళ్ళాను. కర్త, కర్మ, క్రియ అన్నీ అమరి ఉన్నాయి. దాన్ని అక్కడే వదిలేశాను. వ్యాను వాళ్ళకు జరిగినది వ్రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. "మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. అయినా వ్రాశాను, రేపు ఇచ్చి వస్తాను.

కారు తాళాలు అడిగాడు. ఒక్కడే కొండ మీదికి పోయి గంట తరువాత వచ్చాడు. "నూనె బాగా మార్పించారు," అని తాళాలు తన జేబులోనే వేసుకున్నాడు. "అక్కయ్యను శుక్రవారం నేను తీసుకొస్తాను. మీరు మాత్రం బండిలో ఉండకూడదు. పక్కన మీరుంటే నా కాలు నన్ను నమ్మదు."

సరేనన్నాను. ఇప్పుడు నేనూ కుదుపు లేకుండా నడపగలను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నీ నడుముకు కావలసినది నా రుజువు కాదు.

కనుక నేను రావడం లేదు. నన్నూ ఎక్కించుకొమ్మని అతణ్ణి బతిమాలవద్దు. అమ్మాయికి సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం. నీవు ఇంటికి వచ్చాక నాతో మాట్లాడకపోతే ఆ శిక్షకు నేను అర్హుణ్ణే. వంట నేను చేస్తాను, పాలు దగ్గరుండి కాస్తాను.

చివరి మాట. నిన్న చెప్పినప్పుడు, ఇది అక్కయ్యకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. నీవు అతనితో ఆరు గంటలు ప్రయాణం చేస్తావు. అతను చెప్పవచ్చు, చెప్పే హక్కు ఉంది. ఈ ఉత్తరం పశ్చాత్తాపంతో వ్రాశానని నీవనుకుంటే అది సగమే నిజం. నా తప్పు సైతం నీకు మొదట అతని నోటి నుంచి తెలియడం నేను భరించలేను. అందుకే ఈ రోజే పంపుతున్నాను.

ఇట్లు,
ఇంకా మారని
నీ భర్త