తాతకెట్టిన సూది

విశాఖపట్నం,
మంగళవారం.

పెద్దక్కకి,

నిన్న, సోమవారం, ఉదయం పదకొండు గంటలకి బుద్రు తాత రక్తం రిపోర్టు వచ్చింది. తాతకి హెపటైటిస్ బి ఉంది. అది రక్తంతో ఒకరి నుంచి ఒకరికి పాకే కామెర్ల జబ్బు. వేసవిలో నేను ఊరొచ్చినప్పుడు తాత భుజానికి పెట్టిన సూదే నీ చేతికీ పెట్టాను.

నువ్వూ, బావా, అమ్మా ఎలా ఉన్నారని ముందు అడగాలి. అడుగుతున్నాను. కాళ్ళ వాపు తగ్గిందా? ఎనిమిదో నెలలో కూడా కాఫీ తోటకి పనికి వెళ్తున్నావా? నేను బాగానే ఉన్నాను. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. ఏడో తరగతి దాకా చదువుకున్నావు, ఇంకొకరి చేత చదివించుకోవద్దు. చదివాక బావకి నువ్వే చెప్పు.

జరిగింది వరసగా రాస్తాను. పది రోజుల క్రితం తాత కొడుకు సోము నన్ను వెతుక్కుంటూ నేను పనిచేసే ఆక్యుపంక్చర్ సూదుల క్లినిక్‌కి వచ్చాడు. తాతని ఇక్కడి పెద్దాసుపత్రిలో చేర్చామని, కళ్ళు పచ్చబడ్డాయని, అన్నం చూస్తే వాంతి వస్తోందని చెప్పాడు. అప్పటి నుంచి పని అయ్యాక రోజూ వెళ్తున్నాను. నువ్వు పంపిన చోడిపిండితోనే తాతకి అంబలి కాచి తీసుకెళ్ళాను. పిండి అయిపోయింది. తాత ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడు. డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు. రిపోర్టు సోము చేతికిస్తే అతను క్లినిక్‌కి తెచ్చి నాకిచ్చాడు, చదవమని. చదివాను. అది ఏ జబ్బో సోముకి చెప్పాను. సూది సంగతి మాత్రం అప్పుడు చెప్పలేకపోయాను. సాయంత్రం చెప్పాను.

నీకు గుర్తుండే ఉంటుంది. తాత కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జీలుగుచెట్టు ఎక్కడం మానేసి ఏడాది. మన అరుగు మీద కూర్చోబెట్టి మూడు రోజులు సూదులు పెట్టాను. నాలుగో రోజు తాత చెట్టెక్కి కల్లుకుండ దించాడు. అంతే, ఆ మర్నాడు అరుగు నిండా జనం. నా దగ్గర కొత్త సూదుల పేకట్టు ఉంది. విప్పబోతే గాసమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"కొత్త సూదికి ఏటి తెలుసే? తాతకెట్టిన సూదికైతే దారి తెలుసు. అదే ఎట్టు."

అందరూ అదే అడిగారు. హస్తవాసి నా చేతిలో కాదు, ఆ సూదిలో ఉందనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. చెప్పకపోగా నాకు బాగుంది. ఊరు విడిచి మూడేళ్ళు. ఇక్కడ నన్ను కొండపిల్ల అంటారు. అక్కడ ఆ వారం అందరూ గౌరమ్మా అని పిలిచారు. స్పిరిట్ దూదితో తుడిచి ఆ సూదే పెట్టాను. తాత తర్వాత తొమ్మిది మందికి.

తెలియక చేశానని రాస్తే అబద్ధం అవుతుంది. క్లినిక్‌లో చేరిన మొదటి వారమే మా డాక్టరుగారు నేర్పారు. సూది ఒకరికి ఒక్కసారే. తీసిన వెంటనే గట్టి డబ్బాలో వెయ్యాలి. స్పిరిట్‌తో చర్మం తుడవాలి, వాడిన సూది కాదు. కంటికి కనపడనంత రక్తం మొన మీద ఉన్నా చాలు. ఇక్కడ మూడేళ్ళలో ఒక్కరోజు కూడా నేను ఆ పద్ధతి తప్పలేదు. మనవాళ్ళ దగ్గరే తప్పాను.

ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది పాత సూదే కావాలన్నారు. నువ్వు అనలేదు. నీకు మూడో నెల, వాంతులు ఆగడం లేదు, మణికట్టు మీద పెడతానని కూర్చోబెట్టాను. నువ్వు నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా అడిగావు.

"నాకు కొత్తదెట్టవే గౌరీ. పేకట్టులో ఉన్నాయి గదా."

"అదే మంచిది, కదలకుండా ఉండు" అన్నాను.

సొంత అక్కకి కొత్త సూది తీస్తే, మాకెందుకు పాతది పెట్టావని అరుగు మీదున్న వాళ్ళు అడుగుతారని అలా అన్నాను. వేరే కారణం లేదు. నువ్వు నవ్వి, అంతా నీకే తెలుసులే డాక్టరమ్మా అని చెయ్యి చాపావు. నిన్నటి నుంచి పని చేస్తున్నా, అన్నం తింటున్నా ఆ చెయ్యే కనిపిస్తోంది.

ఇప్పుడు తెలిసింది ఏమిటో, తెలియనిది ఏమిటో రాస్తాను. తాతకి ఈ జబ్బు ఎప్పుడు వచ్చిందో డాక్టర్లు చెప్పలేమన్నారు. వేసవికి ముందే ఉండొచ్చు, తర్వాత వచ్చి ఉండొచ్చు. ముందే ఉన్నా అందరికీ సోకాలని లేదు. ఒక్కరికీ సోకకపోయి ఉండొచ్చు. రక్తం చూస్తేనే తెలుస్తుంది. అయిదు నెలలు దాటింది కాబట్టి ఇప్పుడు చూస్తే తెలిసిపోతుందని డాక్టరుగారు అన్నారు. కలిసి తింటే, ఒక బిందె నీళ్ళు తాగితే, ఒకే గదిలో పడుకుంటే ఇది రాదు. తాత తిరిగొచ్చాక ఎవరూ ఆయన్ని దూరం పెట్టకుండా చూడు. తప్పు ఆయనది కాదు. ఆయన రక్తాన్ని అరుగు మీద ఇంకొకరి దాకా తీసుకెళ్ళింది నేను.

నీ సంగతి వేరే ఉంది, జాగ్రత్తగా చదువు. నీకు సోకి ఉంటే కాన్పులో బిడ్డకి రావొచ్చు. కానీ పుట్టిన పన్నెండు గంటల లోపల బిడ్డకి రెండు ఇంజెక్షన్లు వేస్తే చాలావరకు ఆగుతుంది. పాలు కూడా ఇవ్వొచ్చు. అందుకే కాన్పు ఇంట్లో వద్దు. అమ్మ ఒప్పుకోదని తెలుసు, నిన్నూ నన్నూ ఆ గదిలోనే కన్నానంటుంది. నేనొచ్చి చెప్తాను. ఎందుకు చెప్తున్నానో కూడా చెప్తాను.

నిన్న మధ్యాహ్నం మా డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. ఎంతమంది అన్నారు, పేర్లు రాయమన్నారు. రాశాక నా సూదుల ట్రే తీసి అలమరాలో పెట్టి తాళం వేశారు. రిపోర్టులు వచ్చేదాకా నేను రోగుల పేర్లు రాసుకోవడం, దుప్పట్లు ఉతకడం. అది న్యాయమే.

ఇక్కడ వానలు తగ్గాయి కానీ ఉక్క పోలేదు. సముద్రం గాలికి ఆరేసిన బట్ట సాయంత్రానికి కూడా తడిగానే ఉంటుంది. నాతో గదిలో ఉండే నర్సమ్మ మంచిది, రాత్రి అన్నం తినమని పోరుతోంది. మన దగ్గర ఈపాటికి పొద్దున్నే మంచు దిగుతూ ఉండాలి. వలిసెలు పూతకి వచ్చాయా? బావకి పాత దగ్గు తిరగబెట్టకుండా చూసుకోమను. చోడిపిండి ఈసారి పంపొద్దు.

ఈ ఉత్తరం సోము చేతికిస్తున్నాను. వాళ్ళ అమ్మని తీసుకురావడానికి రేపు ఊరొస్తున్నాడు. అతనితో పాటే నేనూ బయల్దేరొచ్చు, కానీ రెండు కారణాలకి ఆగాను. డాక్టరుగారు ల్యాబు మనిషిని గురువారానికి మాట్లాడారు, అతనితో కలిసి రావాలి అన్నది ఒక కారణం. నీ ఎదురుగా నిలబడి మొదటి మాట చెప్పే ధైర్యం లేక కాగితం మీద రాస్తున్నాను అన్నది రెండోది. సోము నామీద కోపంగా ఉన్నాడు. అయినా ఉత్తరం తెస్తానన్నాడు.

అమ్మకి, ఊళ్ళో పెద్దలకి నా దండాలు చెప్పు. చిన్నదాన్ని, ఎప్పుడూ ఉత్తరం చివర నీ దీవెన అడుగుతాను. ఈసారి అడగను. రిపోర్టు వచ్చాక నీకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

గురువారం కిరండూల్ పాసింజరులో దిగుతాను, స్టేషనుకి ఎవరూ రావద్దు. గాసమ్మ పిన్నితో సహా మిగతా ఎనిమిది మంది ఇళ్ళకి ఆ సాయంత్రమే నేను స్వయంగా వెళ్తాను, నువ్వు ముందుగా చెప్పొద్దు. శుక్రవారం ఎలాగూ అందరూ సంతకి దిగుతారు. తొమ్మిది గంటలకి అరకు ఆసుపత్రిలో రక్తం తీస్తారు. ముందు నాది, తర్వాత నీది. సూది పేకట్టు నీ కళ్ళ ముందే విప్పుతారు.

నీ చెల్లి,
గౌరి